90 రోజుల సజ్జపిండి: ఐదు రోజుల అధ్యయన యాత్ర

మా యూనిట్ అనంతపురం జిల్లాలో ఒక చిన్న పట్టణాన్ని ఆనుకొని ఉంది. ఆరేళ్లుగా అక్కడ సజ్జపిండి, రాగిపిండి, కొర్రబియ్యం, వేరుశనగ పొడి తయారు చేసి అమ్ముతున్నాం. గత చలికాలంలో మాలాంటి చిన్న తయారీదారులం పదకొండు మందిమి కలిసి, ఎవరి ఖర్చు వారే పెట్టుకొని, ఆహార పదార్థాల దుకాణాలు, గిడ్డంగులు, పరిశోధన సంస్థలు ఎలా పనిచేస్తాయో చూడటానికి హైదరాబాదు, బెంగళూరు, మైసూరు తిరిగి వచ్చాం. మా బృందంలో గుంటూరు నుంచి పచ్చళ్లు పెట్టే ఒక అక్క, ఖమ్మం నుంచి కారప్పొడులు చేసే అన్నదమ్ములు, నంద్యాల నుంచి చిరుధాన్యాల అటుకులు ఆడించే ఒక కుర్రవాడు ఉన్నారు.

మిగతావాళ్లు కొత్త యంత్రాలు చూడాలనీ, పెద్ద దుకాణాల్లోకి సరుకు ఎక్కించే దారి తెలుసుకోవాలనీ వచ్చారు. నేను మాత్రం ఒక దెబ్బ తిని వచ్చాను. అంతకుముందు వానాకాలంలో ఒక దుకాణాల గొలుసు మా సజ్జపిండి పొట్లాలను అట్టపెట్టెలతో సహా వెనక్కి పంపింది. పిండి చేదెక్కిందని కొన్నవాళ్లు ఫిర్యాదు చేశారట. పెట్టె విప్పి చిటికెడు నోట్లో వేసుకుంటే అది నిజమేనని తెలిసింది. పొట్లం మీద నేను అచ్చు వేయించిన గడువు 90 రోజులు కాగా, ఆ పిండి ఆడించి అప్పటికి 38 రోజులే అయింది. తడి మిగిలిపోవడం వల్లే ఇలా జరిగిందని నమ్మి, ఆ తరువాత సజ్జలను మునుపటికి రెట్టింపు సేపు ఎండబెట్టాం. అయినా చేదు ఆగలేదు.

మొదటి రోజు తెల్లవారుజామున హైదరాబాదులోని ఎర్రగడ్డ రైతు బజారుకు వెళ్లాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు 1999 జనవరి 26న మొదలయ్యాయి. రైతు తన పంటను దళారీ లేకుండా, కమీషన్ లేకుండా తానే అమ్ముకోవాలన్నది ఆ ఏర్పాటు ఉద్దేశం. ధరల బోర్డు చూసి, ఆకుకూరల వరుసలో ఒక పెద్దాయన దగ్గర నిలబడ్డాను. ముందురోజు సాయంత్రం కోసిన తోటకూర, పాలకూర కట్టలు ఆయన ముందు తడిగుడ్డ కింద ఉన్నాయి. పది గంటలకల్లా అమ్మేసి ఇంటికి వెళ్లిపోతాననీ, మధ్యాహ్నానికి కూర వాడిపోతుంది కాబట్టి తొమ్మిది దాటాక ధర తగ్గిస్తాననీ ఆయన చెప్పారు. సరుకు ఆయుష్షు ఒక్క పూట. డబ్బు కూడా ఆ పూటలోనే చేతికొస్తుంది. ఆ లెక్క అప్పుడు నాకు మామూలుగానే అనిపించింది. దాని విలువ బెంగళూరు వెళ్లాక గాని తెలియలేదు.

అక్కడి నుంచి బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌కు వెళ్లాం. అంత పెద్ద మార్కెట్‌లో రోజూ అమ్ముడుపోక మిగిలేది, నలిగిపోయేది, కుళ్లిపోయేది టన్నుల్లో ఉంటుంది. దాన్ని పారబోయకుండా బయోగ్యాస్‌గా మార్చి విద్యుత్తు తీసే ప్లాంటు అక్కడ ఉంది. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, అంటే ఐఐసీటీ, దానికి సాంకేతికత ఇచ్చింది. రోజుకు పది టన్నుల వరకు వ్యర్థం దానిలోకి వెళ్తుందనీ, సుమారు 500 యూనిట్ల కరెంటు వస్తుందనీ, ఆ కరెంటు మార్కెట్ దీపాలకే ఉపయోగపడుతుందనీ వివరించారు. మంచి పనే. అయితే క్యాబేజీ ఆకులు, మెత్తబడిన టమాటాలు ఆ తొట్టిలోకి జారుతుంటే నాకు వాటిని పండించిన చేతులే గుర్తుకొచ్చాయి. ఒక పూట ముందు కొనేవాడు దొరికి ఉంటే అవి కూరలయ్యేవి.

మధ్యాహ్నం నుంచి సూపర్ మార్కెట్లు చూశాం. ఈ వ్యాపారంలో హైదరాబాదు మిగతా నగరాలకన్నా వెనుకబడి లేదు. త్రినేత్ర దుకాణాలు ఇక్కడే పుట్టి పెరిగాయి. 2007లో ఆదిత్య బిర్లా గ్రూపు వాటిని కొని తన మోర్ దుకాణాల్లో కలుపుకుంది. రిలయన్స్ ఫ్రెష్ కూడా 2006లో తన తొలి దుకాణాలను ఈ నగరంలోనే తెరిచింది. మేము వెళ్లిన దుకాణంలో పిండ్ల ర్యాక్ దగ్గర దాదాపు గంటసేపు నిలబడ్డాను. కళ్లకు ఎదురుగా ఉండే వరుసలో పెద్ద కంపెనీల గోధుమపిండి సంచులు, నడుము ఎత్తులో దుకాణం సొంత పేరుతో ప్యాక్ చేసిన పిండ్లు, అట్టడుగున, వంగితే తప్ప కనపడని చోట, చిరుధాన్యాల పొట్లాలు ఉన్నాయి. గడువు ముందుగా ముగిసే పొట్లాన్ని ముందువరుసలో పెట్టాలన్నది దుకాణం నియమం. ఒక తల్లి వంగి, ముందున్న రెండు పొట్లాలను పక్కకు జరిపి, వెనకున్న మూడోదాన్ని తీసి, తేదీ చదివి బుట్టలో వేసుకుంది. ఆమె చేసింది సరైన పనే, నేనైనా అదే చేస్తాను. కాని ఆ జరిపిన రెండు పొట్లాలు వారం తరువాత కూడా అక్కడే ఉంటాయి. చివరికి తిరిగి వచ్చేది వాటిని తయారు చేసినవాళ్ల దగ్గరికే. అమ్ముడుపోని సరుకును వెనక్కి తీసుకోవాలన్న షరతు మీద మా అందరి సంతకాలూ ఉన్నాయి.

రెండో రోజు రాజేంద్రనగర్‌లోని భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థకు వెళ్లాం. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పటి నుంచి ఈ సంస్థ పేరు ఊళ్లలోకి కూడా చేరింది. రాళ్లు తీసే యంత్రం, పొట్టు తీసే యంత్రం, అటుకులు వత్తే యంత్రం, సేమ్యా తీసే యంత్రం వరుసగా చూపించారు. నంద్యాల కుర్రవాడికి ఆ రోజంతా పండగే. అక్కడి న్యూట్రిహబ్ కేంద్రం చిరుధాన్యాల మీద వ్యాపారం పెట్టేవాళ్లకు యంత్రాల వాడకం, శిక్షణ, లేబుల్, లైసెన్సు వంటి విషయాల్లో చేయూతనిస్తుంది. నేను సజ్జపిండి సంగతి ఎత్తగానే అక్కడి ఇంజినీరు ఒకాయన, "ఆడించే ముందు గింజకు వేడి చూపిస్తున్నారా అమ్మా?" అని అడిగారు. ఎండబెడుతున్నాం అన్నాను. ఎండ చాలదు, ఆవిరి కావాలి అన్నారు. ఆ మాటను నోటుపుస్తకంలో రాసుకున్నాను గాని, ఆరబెట్టాల్సిన గింజను మళ్లీ తడపమంటున్నారేమిటని మనసులో ఒప్పుకోలేదు.

రాత్రి రైల్లో బెంగళూరు బయలుదేరాం. నిద్ర పట్టేదాకా మా మాటలన్నీ రావలసిన బాకీల చుట్టూనే తిరిగాయి. గుంటూరు అక్కకు ఒక దుకాణం నుంచి ఐదు నెలల బాకీ ఉంది. మావిడికాయల కాలంలో కాయ, నూనె, కారం అన్నీ రొక్కం పెట్టి కొంటుంది. పచ్చడి డబ్బు మాత్రం మళ్లీ కాయ పూతకు వచ్చే వేళకు చేతికొస్తోంది. చట్టం మా పక్షానే ఉంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే, కొన్న సంస్థ సూక్ష్మ, చిన్న తయారీదారుకు 45 రోజుల్లోగా డబ్బు చెల్లించాలి. ఒప్పందం లేకపోతే 15 రోజుల్లోనే చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ ఇవ్వాలి. గడువులోగా చెల్లించని మొత్తాన్ని కొన్న సంస్థ ఆ ఏడాది ఖర్చుగా చూపుకోకుండా అడ్డుకునే ఆదాయపు పన్ను నిబంధన కూడా 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఇవన్నీ ఖమ్మం అన్న వివరంగా చెప్పాడు. అక్క అంతా విని, "ఫిర్యాదు చేస్తే డబ్బు వస్తుందేమో గాని, ఆ తరువాత ఆర్డరు రాదు కదన్నా" అంది. ఆ మాటకు మాలో ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది.

బెంగళూరులో మేము చూడాలనుకున్నది ఫోన్‌లో ఆర్డరు పెడితే నిమిషాల్లో సరుకు ఇంటికి పంపే వ్యాపారం. బిగ్‌బాస్కెట్ 2011లో, స్విగ్గీ 2014లో మొదలైన నగరం అది. ఒక పరిచయస్థుడి సాయంతో ఒక డార్క్ స్టోర్ లోపలికి వెళ్లే అవకాశం దొరికింది. దుకాణమన్న పేరే గాని కొనేవాళ్లెవరూ లోపలికి రారు. కిటికీలు లేని పెద్ద గది, వరుసగా నంబర్లు వేసిన ర్యాకులు, ఒక మూల శీతల గది, తలుపు దగ్గర హెల్మెట్లతో ఎదురుచూస్తున్న కుర్రవాళ్లు. ఆర్డరు రాగానే లోపలి పిల్లవాడి చేతిలోని యంత్రం ఏ ర్యాకు, ఏ అర అన్నది చెబుతుంది. అతడు ఏరి, బార్‌కోడ్ చూపించి, సంచిలో వేసి ఇచ్చేస్తాడు. ఒక ఆర్డరుకు నేను గడియారం చూశాను: రెండు నిమిషాలు కూడా పట్టలేదు. బయట వాహనం ఎక్కిన కుర్రవాడి వయసు మా తమ్ముడి కొడుకు వయసే ఉంటుంది. ఆ నిమిషాల భారం చివరికి అతడి మీదే పడుతుందన్న దిగులు నాకు ఇప్పటికీ ఉంది.

అయితే నాకు పాఠం చెప్పింది ముందువైపు తలుపు కాదు, సరుకు దిగే వెనకవైపు తలుపు. అక్కడ కూర్చున్న అమ్మాయి ప్రతి పెట్టెలోంచి ఒక పొట్లం తీసి, తయారీ తేదీ, గడువు తేదీ యంత్రంలో ఎక్కిస్తోంది. మొత్తం గడువులో మూడింట రెండు వంతులు మిగిలి లేకపోతే తాము సరుకు దించుకోబోమని చెప్పింది. దానికి తోడు, కొనేవాడి చేతికి చేరేసరికి కనీసం 30 శాతం గడువు గాని, 45 రోజులు గాని మిగిలి ఉండేలా చూసుకోవాలని 2024 చివర్లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆన్‌లైన్ అమ్మకందారులకు సూచించింది. నేను అక్కడే పెట్టెల మీద నోటుపుస్తకం పెట్టి లెక్క వేశాను. నా పొట్లానికి 90 రోజులు. దించుకునే నాటికి 60 మిగిలి ఉండాలంటే, పిండి ఆడించి, ప్యాక్ చేసి, లారీకి సరిపడా పోగు చేసి, అక్కడికి చేర్చడానికి నాకున్నవి 30 రోజులు. కొన్నవాళ్ల ఇంట్లో ఉండవలసినవి 27 రోజులు. మధ్యలో 33 రోజులు అమ్మేవాళ్లవి. పొట్లంలో ఒక గింజ కూడా కదలకుండానే దానిలోని రోజులు ముగ్గురికి పంపకమైపోయాయి. అందరికన్నా పెద్ద వాటా అమ్మేవారిది. ఆ రోజుల్లో అమ్ముడుపోకపోతే వచ్చే నష్టం మాత్రం నాది.

దీనికి పక్కనే బాకీ రోజులు రాసి చూశాను. సరుకు దింపిన నాటి నుంచి డబ్బు రావడానికి 45 రోజులు అనుకుందాం. అమ్మేవారి 33 రోజులు ముగిసినా నా డబ్బు ఇంకా రాదు. పిండి అమ్ముడై, రొట్టెలై, జనం తిన్న తరువాత కూడా నేను సజ్జల రైతుకు అప్పు పడి ఉంటాను. ఎర్రగడ్డలో తోటకూర పెద్దాయన పది గంటలకు సంచీ దులుపుకొని లేవడం అప్పుడు గుర్తొచ్చింది. ఆయన సరుకు రోజులూ డబ్బు రోజులూ ఒకే చోట ముగుస్తాయి. నా లెక్కలో అవి ఎక్కడా కలవడం లేదు.

తక్కువ రోజులతోనే బతికే వ్యాపారానికి ఉదాహరణ కూడా ఆ నగరంలోనే ఉంది. ఐడీ ఫ్రెష్ సంస్థ 2005లో 50 చదరపు అడుగుల వంటగదిలో ఇడ్లీ, దోసె పిండితో మొదలైంది. పొట్లంలో ఉన్నా పిండి పులుస్తూనే ఉంటుంది. అందుకని దాన్ని చల్లగా ఉంచాలి, తొందరగా అమ్మాలి, దుకాణాలకు మళ్లీ మళ్లీ తాజాగా చేర్చాలి. నిల్వ ఉండదన్న గుణాన్ని దాచకుండా దాని చుట్టూనే సరఫరా కట్టుకోవచ్చని మా ముందే ఒకరు చేసి చూపించారు. ఆ రోజు ఉదయం టిఫినుకు దోసె తింటూ మేమంతా దీని గురించే మాట్లాడుకున్నాం. గుంటూరు అక్క మాత్రం, తన ఆవకాయకు ఏడాది ఆయుష్షు ఉండటమే తనకు శాపమైందనీ, పాడైపోదు కాబట్టే డబ్బు ఇవ్వడానికి ఎవరూ తొందరపడరనీ అంది.

చివరి మజిలీ మైసూరు. కేంద్రీయ ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ, అందరూ సీఎఫ్‌టీఆర్ఐ అనే సంస్థ, 1950లో చెలువాంబా మహల్‌లో మొదలైంది. మైసూరు రాజకుమారి కోసం కట్టిన ఆ భవనం ఎదుట నిలబడితే, తిండి గింజల కొరత తీవ్రంగా ఉన్న ఆ రోజుల్లో ఒక రాజభవనాన్ని తిండి పరిశోధనకు ఇవ్వడం ఎంత పెద్ద నిర్ణయమో అనిపించింది. గేదె పాలతో పసిపిల్లల పాలపొడి చేసే పద్ధతిని కనిపెట్టి అమూల్‌కు అందించింది ఈ సంస్థే. ఆవు పాలతో తప్ప అది సాధ్యం కాదనుకునే కాలంలో, గేదె పాలే ఎక్కువగా దొరికే దేశానికి ఆ పద్ధతి ఎంత మేలు చేసిందో వేరే చెప్పనక్కరలేదు.

నా సంగతి తేలింది అక్కడి పిండిమరల విభాగంలో. ఒక శాస్త్రవేత్త మేడమ్ నా పొట్లం తీసుకొని, చేదు గురించి కాకుండా, "ఈ 90 రోజులు ఎలా నిర్ణయించారు?" అని ముందుగా అడిగారు. మిగతా కంపెనీల పొట్లాల మీద అంతే ఉంటే నేనూ అంతే వేయించాను. పరీక్ష చేయించలేదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేక తల దించుకున్నాను. ఆరేళ్లుగా నా పేరుతో, నా లైసెన్సు నంబరుతో, నాకే తెలియని ఒక అంకెను కొన్నవాళ్లకు మాట ఇచ్చినట్టు అచ్చు వేస్తున్నాను.

తరువాత ఆమె చాలా ఓపికగా చెప్పారు. బూజు పట్టడానికి తడి కావాలి. పిండిలో సూక్ష్మజీవులు వాడుకోగలిగిన తడి ఒక హద్దు కన్నా తగ్గితే బూజు, బ్యాక్టీరియా పెరగవు. నేను ఎండబెట్టి ఆ పని బాగానే చేశాను. కాని సజ్జ చేదు బూజు వల్ల వచ్చేది కాదు. సజ్జగింజలో మొలక భాగం గింజ పరిమాణంతో పోలిస్తే పెద్దది. కొవ్వు సుమారు 5 శాతం ఉంటుంది, రాగుల్లో అది 2 శాతం కూడా ఉండదు. గింజ గింజగా ఉన్నంతకాలం ఆ కొవ్వూ, దాన్ని విడగొట్టే లైపేజ్ అనే ఎంజైమూ వేర్వేరు అరల్లో ఉంటాయి. మరలో పడి నలిగిన క్షణం నుంచి రెండూ కలుస్తాయి. కొవ్వు విరిగి ఆమ్లాలు పుడతాయి, గాలి తగిలి అవి ఇంకా చెడతాయి, వాసనా చేదూ వస్తాయి. లైపేజ్ పనిచేయడానికి పెద్దగా తడి అక్కరలేదు, ఎండిన పిండిలో కూడా అది ఆగదు. దాన్ని ఆపేది వేడి. మరిగే నీళ్లలో గింజను కొద్దిసేపు ముంచి తీసి గాని, ఆవిరి పట్టించి గాని, ఆ తరువాత బాగా ఆరబెట్టి ఆడిస్తే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. రాజేంద్రనగర్‌లో విన్న ఆవిరి మాటకు అర్థం అక్కడ తెలిసింది.

వింటున్నంతసేపూ మా అవ్వ తిరగలి నా కళ్లముందు తిరిగింది. అవ్వ రాగులను పాతరలో ఏళ్ల తరబడి దాచేది, సజ్జలను మాత్రం ఏ పూటకు ఆ పూటే విసిరేది. సజ్జపిండి నిల్వ పెట్టిన ఇల్లు మా ఊళ్లో నేను చూడలేదు. అది బీదతనం వల్లనో అలవాటు వల్లనో అనుకునేదాన్ని. పిండి రోజుల లెక్క ఆవిడకు నోటికి తెలుసు. ఆ లెక్క తెలుసుకోకుండానే నేను సజ్జపిండిని ప్లాస్టిక్ కవర్లో పోసి 90 రోజులని రాశాను.

వచ్చాక చేసిన మొదటి పని ఆ లేబుల్ ఆపడం. మిగిలిన కవర్ల కట్టలు రెండు మూలన పడి ఉన్నాయి, వాటి ఖర్చు నేనే భరించాను. వడ్లు ఉడకబెట్టే పాత్ర ఒకటి కొని, సజ్జలకు ఆవిరి పట్టించి, రెండు రోజులు ఆరబెట్టి ఆడిస్తున్నాం. ఆవిరి పట్టినదీ పట్టనిదీ చెరో పన్నెండు పొట్లాలు యూనిట్‌లో ఒకే ర్యాకు మీద ఉంచి, సోమవారం సోమవారం ఒక్కో జత విప్పి చూస్తున్నాం. నమూనాలు ప్రయోగశాలకు కూడా పంపాం. ఆ ఫలితం వచ్చేవరకు పొట్లం మీద 30 రోజులే వేస్తున్నాం. ఈ అంకె చూసి పెద్ద దుకాణాల వాళ్లు సరుకు తీసుకోబోమన్నారు. అనంతపురం, ధర్మవరం, హిందూపురంలలో ఇరవై రెండు కిరాణా దుకాణాలకు పదిహేను రోజులకొకసారి మేమే ఆటోలో తీసుకెళ్లి ఇస్తున్నాం. కొత్త సరుకు దింపేటప్పుడు పాత సరుకు డబ్బు తీసుకుంటున్నాం. అమ్మకం మునుపటిలో సగమే ఉంది గాని, సజ్జల రైతుకు అప్పు లేదు.

ఈ ఉదయం ఏడో జత విప్పాం. ఆవిరి పట్టని పిండి పొట్లం కత్తిరించగానే ఆ పాత వాసనే ముక్కుకు తగిలింది. రెండోదాని రంగు కాస్త ముదిరింది గాని వాసన లేదు, చేదు లేదు. మా అత్తమ్మ దానితో రొట్టె తట్టి చూసి, పిండి మునుపటిలా సాగడం లేదనీ, ఇంకొంచెం వేడినీళ్లు పోసి కలిపితే అంచు విరగలేదనీ చెప్పింది. ఆ మాట లేబుల్ వెనక వండే విధానంలో చేర్చాలని రాసి పెట్టుకున్నాను.